పొద్దున్న పూట మూసుకోని షట్టరు

రెండేళ్ల కిందట, పుష్యమాసంలో ఒక ఉదయం ఆరూ పది నిమిషాలకు, అమలాపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఒక పాత రెండు కళ్ల కెమెరా మీట నొక్కాను. వేగం అరవైలో పెట్టి ఉంది. అంటే షట్టరు సెకనులో అరవయ్యో వంతు మాత్రమే తెరుచుకుని మూసుకోవాలి. తెరుచుకుంది. మూసుకోలేదు. ఫిల్ము లేదు, వెనక తలుపు తీసి ఉంచాను కాబట్టి లెన్సు గుండా ఎదురింటి గోడ కనిపిస్తూనే ఉంది. ఆ తరవాత షట్టరులోని సన్నని ఉక్కు రేకులు, ఇష్టం లేని పని చేస్తున్నట్టు, నెమ్మదిగా ఒకదాని దగ్గరకు ఒకటి వచ్చాయి.

పక్కన స్టూలు మీద సత్తిబాబు కూర్చుని ఉన్నాడు. ముమ్మిడివరం అవతల నుంచి చలిలో మోటారు సైకిలు మీద వచ్చాడు. మెడకు చుట్టుకున్న తువ్వాలు ఇంకా తియ్యలేదు.

“ఇంకోసారి నొక్కండి” అన్నాడు.

నొక్కాను. మళ్లీ అంతే.

ఆ కెమెరాలో ఏ లోపమూ లేదని ముప్ఫై ఏళ్ల కిందట సంతకం పెట్టి రాసిచ్చింది నేనే.

అప్పట్లో నేను ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో స్టాఫ్ ఫొటోగ్రాఫర్ని. స్టాఫ్ అంటే పత్రిక జీతం మీద ఉన్నవాడు. మండలాల నుంచి వార్తలు పంపే వాళ్లు స్ట్రింగర్లు. వాళ్లలో కొందరికి కెమెరా ఉండేది గానీ వాళ్లు ఫొటోగ్రాఫర్లు కారు. కోనసీమ మొత్తానికి ఆ హోదాలో నేను ఒక్కణ్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కెమెరా పాడైనప్పుడల్లా పని ఆగిపోతోందని, ఆఫీసు వాళ్లు నన్ను మద్రాసు పంపారు. అక్కడ ఒక మెకానిక్ దగ్గర ఆరు వారాలు కూర్చుని కెమెరా విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం నేర్చుకున్నాను. ఆ ఆరు వారాల చదువుతో ఇక్కడికి వచ్చాక, పెళ్లిళ్లు తీసే స్టూడియోల వాళ్లందరికీ నేను డాక్టరునైపోయాను. కెమెరాకు జబ్బు చేస్తే రాజమండ్రి పంపాలి. అది తిరిగొచ్చేసరికి ఒక ముహూర్తాల కాలం గడిచిపోయేది. అందుకని ముందు నా దగ్గరకు తెచ్చేవాళ్లు.

మరమ్మతులతో పాటు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. పెళ్లి ఫొటోలు చెడిపోతే స్టూడియో యజమాని ఆపరేటరును తప్పు పడతాడు, ఆపరేటరు కెమెరాను తప్పు పడతాడు. ఫొటో తీసేవాణ్ని మా వైపు ఆపరేటరు అనేవాళ్లం. వాళ్లిద్దరి మధ్య తగువు తేలకపోతే కెమెరా నా బల్ల మీదకు వచ్చేది. నేను పరీక్షించి, ఆఫీసు కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇచ్చేవాణ్ని. ఆ చీటీకి చట్టబలం ఏమీ లేదు. కానీ పత్రిక పేరు పైన అచ్చయి ఉండేది కాబట్టి, రాజోలు నుంచి కొత్తపేట దాకా అందరూ దానికి విలువ ఇచ్చేవాళ్లు.

పాఠకుల కోసం షట్టరు గురించి కొంచెం చెప్పాలి. పెళ్లిళ్లకు వాడిన రెండు కళ్ల కెమెరాలో పై లెన్సు చూడ్డానికి, కింది లెన్సు ఫొటో తియ్యడానికి. షట్టరు కింది లెన్సు మధ్యలో ఉంటుంది. కాగితం మందం కూడా లేని ఐదు ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి వాలి, దారి మూసి ఉంచుతాయి. మీట నొక్కగానే స్ప్రింగు వాటిని విప్పి, మళ్లీ మూస్తుంది. ఎంతసేపు తెరిచి ఉంచాలో పక్కనున్న చిన్న పళ్ల చక్రాలు చూసుకుంటాయి. ఆ చక్రాల ఇరుసులకు సూది మొనతో అంటించినంత నూనె చాలు. రేకులకు మాత్రం అసలు తగలకూడదు. తడిసిన రెండు గాజు పలకలు ఎలా అతుక్కుంటాయో, నూనె తగిలిన రేకులూ అలాగే, నూనె ఎంత చిక్కనైతే అంత గట్టిగా, అతుక్కుంటాయి. మద్రాసులో నాకు పాఠం చెప్పినాయన మొదటి రోజు చెప్పిన మాట అదే.

ఇక ఆ పెళ్లి. రాజోలు దగ్గర ఒక రైసుమిల్లు యజమాని గారి అమ్మాయి పెళ్లి, మాఘమాసంలో. ముహూర్తం ఉదయం ఆరూ ఇరవైకి. ఫొటోలు గంగరాజు గారి స్టూడియోవి. గంగరాజు గారు రాజోలులో పేరున్న మనిషి. ఆయన భార్య తమ్ముడే ఈ సత్తిబాబు. బావ దగ్గర పని నేర్చుకుని, అప్పటికి నాలుగేళ్లుగా ఆపరేటరుగా చేస్తున్నాడు. ఆ రోజు బావగారికి జ్వరం. పెద్ద పెళ్లి మొదటిసారి బావమరిది చేతిలో పెట్టారు.

జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఏ ఒక్కటీ రాలేదు. ల్యాబు నుంచి వచ్చిన ప్రింట్లలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పురోహితుడు అందరూ కరిగి, ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉన్నారు. భోజనాలూ అప్పగింతలూ మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. మిల్లు యజమాని గారు స్టూడియోకు వచ్చి, నలుగురిలో, “మా అమ్మాయికి పెళ్లయిందో లేదో మీ ఆల్బం చూస్తే తెలియట్లేదండీ” అని వెళ్లిపోయారట. అంతకన్నా ఏమీ అనలేదట. ఆ మర్యాదే గంగరాజు గారికి ఎక్కువ తగిలింది.

పెళ్లయిన పది రోజులకు ఆయన కెమెరా తీసుకుని మా ఆఫీసుకు వచ్చారు. సత్తిబాబు వెనకే వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. మా ఆఫీసు మేడ మీద, రేకుల కప్పు కింద. పన్నెండున్నర అయింది. గంగరాజు గారు రెండు ప్రింట్లు బల్ల మీద పెట్టారు. ఒకటి చెడిపోయింది, ఒకటి బాగున్నది.

చెడిపోయిన ప్రింటులో మనుషులకు రెండేసి అంచులు ఉన్నాయి. ఫ్లాషు వెలిగిన క్షణంలో ఒక బొమ్మ, ఆ తరవాత తెరిచి ఉన్న షట్టరులోంచి పందిరి వెలుగుకు ఇంకో బొమ్మ. తక్కువ వేగం పెట్టి మరిచిపోతే సరిగ్గా ఇలాగే వస్తుంది. కెమెరా వెనక తలుపు తీసి అన్ని వేగాలూ వరసగా నొక్కి చూశాను, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఒక సెకను ఒక సెకనే ఉంది. అరవై చిటికె వేసినట్టు పలికింది. చీటీ రాశాను: “కెమెరా పరీక్షించాను. షట్టరు అన్ని వేగాల్లోనూ సరిగా పనిచేస్తోంది. వేగం అమర్చడంలో ఆపరేటరు పొరపాటు జరిగి ఉండాలి.”

ఆ మూడో వాక్యం నన్ను ఎవరూ రాయమని అడగలేదు.

గంగరాజు గారు చీటీ చదివి మెట్ల వైపు తిరిగారు. “విన్నావా? కెమెరా శుబ్బరంగా ఉందంట. నీ చెయ్యేనంట.”

“అరవైలోనే పెట్టేను బావా, ఒట్టు.”

“అరవైలో పెడితే పెళ్లికూతురికి నాలుగు కళ్లెందుకొచ్చేయిరా?”

ఆఫీసులో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. స్టూడియో పరువు నిలబెట్టుకోవడానికి గంగరాజు గారు నా చీటీని పటం కట్టించి గోడకు పెట్టారు. తన కెమెరాలు మంచివని ఖాతాదారులు అనుకోవాలని ఆయన ఉద్దేశం. అది చదివిన ప్రతివాడికీ ఆ ఆపరేటరు ఎవరన్న సంగతి కూడా తెలిసేది. ‘ముహూర్తం మింగిన సత్తిబాబు’ అన్న పేరు పుట్టింది. చుట్టుపక్కల ఏ స్టూడియో వాడూ అతన్ని పెట్టుకోలేదు. రెండేళ్లు చూసి గల్ఫ్ వెళ్లిపోయాడు. అక్కడ జనరేటర్లు బాగుచేసే పని నేర్చుకుని, పద్నాలుగేళ్ల తరవాత తిరిగొచ్చి, ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల మెకానిక్‌గా స్థిరపడ్డాడు. మళ్లీ కెమెరా పట్టుకోలేదు.

నేను రిటైరై పదకొండేళ్లయింది. ఇప్పుడు ఫిల్ము కెమెరాల మీద కుర్రకారుకు మోజు పుట్టింది. తాతల నాటి కెమెరాలు అటకల మీంచి దించి తెస్తున్నారు. వరండాలో బల్ల వేసుకుని, కళ్లు సహకరించినంత మేరకు బాగుచేసి ఇస్తున్నాను. అలాంటి పనే అనుకున్నాను, ఆ పుష్యానికి ముందు డిసెంబరులో ఒకాయన సంచీ పట్టుకుని గేటు తీసుకుని వచ్చినప్పుడు.

“సుబ్బారాయుడు గారేనాండీ? నా పేరు సత్తిబాబండి. ముహూర్తం మింగిన సత్తిబాబంటే గుర్తొస్తానేమో.”

గుర్తొచ్చాడు. కూర్చోమన్నాను. సంచీలోంచి కెమెరా తీశాడు, దాని తోలు కేసు తీశాడు, నెగటివులున్న బటరు కాగితం కవరు తీశాడు. చివర్న పటంలోంచి ఊడదీసిన నా చీటీ. స్టూడియో మూసేసినప్పుడు పాత సామాను బండికెత్తబోతుంటే, వాళ్ల అక్క అన్నపూర్ణమ్మ గారు ఇవన్నీ బియ్యం సంచీలో వేసి దాచి, తమ్ముడికి ఇచ్చారట.

“ఇప్పుడెందుకు సత్తిబాబూ?” అని అడిగాను.

“మొన్న మా బావగారింట్లో వ్రతమైతే వెళ్లేమండి. మా మనవరాలు ఫోన్లో ఫొటోలు తీస్తుంటే, వాళ్ల మనవరాలొకత్తి ‘జాగర్తే, నీది మీ తాత చెయ్యి’ అందండి. అందరూ నవ్వేరు. మా మనవరాలు ఫోను లోపల పెట్టేసింది.” చీటీని నా ముందుకు జరిపాడు. “నా చెయ్యా, కెమెరాయా? అదొక్కటి తేల్చండి. నా చెయ్యే అంటే ఇంక ఆ ఊసెత్తను. ఒట్టు.”

పదకొండు గంటలైంది. ఎండ వరండాలోకి వచ్చింది. కెమెరా వెనక తలుపు తీసి అన్ని వేగాలూ చూశాను. ముప్ఫై ఏళ్ల నాడు ఎలా పలికిందో అలాగే పలికింది. నాకు చెప్పక తప్పలేదు. కెమెరా బాగానే ఉంది సత్తిబాబూ, అన్నాను.

“ఆయ్. అప్పుడూ ఇలాగే అన్నారండి.”

అందులో వెటకారం లేదు. కవరు సర్దుకుంటూ, అదే గొంతుతో అడిగాడు: “అప్పుడు మీరు ఎన్నింటికి చూసేరండి?”

మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నాను.

“పెళ్లి పొద్దున్న ఆరూ ఇరవైకండి.”

దానికీ దీనికీ ఏమిటి సంబంధం అన్నాను. అప్పుడతను తన వృత్తి నుంచి చెప్పాడు. “చెరువు కాడ ఏరేటరు తెల్లారగట్ల ఆగిపోతుందని రైతు చెప్తాడండి. మనం టిఫినీలు చేసి పదకొండింటికి వెళ్లి స్విచ్చేస్తే శుబ్బరంగా తిరుగుద్ది. అలాగని రైతు అబద్ధమాడేడంటామా? ఆగిపోయే టైముకెళ్లి దాని పక్కన కూచోవాలండి. అంతే.”

మద్రాసులో నాకు ఎవరూ చెప్పని పాఠం అది. కెమెరా అతని దగ్గరే ఉంచమన్నాను. చలి బాగా ముదిరాక, రాత్రంతా ఆరుబయట గట్టు మీద ఉంచి, పొద్దున్నే తెమ్మన్నాను. పుష్యం వచ్చాక ఒక ఉదయం ఫోను చేసి, బయల్దేరుతున్నానండి అన్నాడు. ముందు సంచీలో కెమెరా పెట్టుకుని, గాలి తగిలేలా మూత తీసి మరీ తెచ్చాడు.

మొదట్లో చెప్పిన ఆరూ పది అదే.

డార్కురూములో మందు నీళ్ల వేడి చూడ్డానికి వాడిన థర్మామీటరు నా దగ్గర ఇంకా ఉంది. వరండాలో పద్దెనిమిది డిగ్రీలు చూపించింది. ఇప్పటి ఫోన్లలో, కదలికను బాగా నెమ్మది చేసి చూపించే వీడియో ఒకటి ఉంది కదా. నా ఫోను సెకనుకు రెండు వందల నలభై బొమ్మలు తీస్తుంది. దాన్ని లెన్సుకు ఎదురుగా నిలబెట్టాను. అరవయ్యో వంతు సెకను అంటే షట్టరు తెరిచి ఉన్నట్టు నాలుగు బొమ్మల్లో కనిపించాలి. నూటికి పైగా బొమ్మల్లో కనిపించింది. దాదాపు అరసెకను. తరవాత నొక్కితే డెబ్బై చిల్లర. ఆ తరవాత నలభై. ఆరోసారికి తొమ్మిది. ఎండ వచ్చాక నాలుగు, ఆపైన ఎన్నిసార్లు నొక్కినా నాలుగే.

సత్తిబాబు లేచి నిలబడ్డాడు. “చూసేరాండీ” అన్నాడు. 

కూర్చోమన్నాను. పొద్దున్నపూట ఈ రోజు కెమెరా మొరాయించినంత మాత్రాన, ఆ రోజు కూడా అదే జరిగిందని చెప్పలేం. ఇంకోసారి తొందరపడే ఉద్దేశం నాకు లేదు. కవరులోంచి నెగటివులు తీసి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఆ కెమెరా రోలుకు పన్నెండు ఫ్రేములు. మూడేసి చొప్పున నాలుగు ముక్కలుగా కోసి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల కిందట నేను వీటిని అడగనే లేదు.

మొదటి మూడు ఫ్రేములు నల్లగా, చిక్కగా, ఏమీ తెలియకుండా ఉన్నాయి. ఎక్కువ వెలుగు పడిన నెగటివు అలాగే ఉంటుంది. నాలుగు, అయిదులో మనుషులు కనిపిస్తున్నారు, రెండేసి అంచులతో. ఏడులో రెండో అంచు సన్నబడింది. తొమ్మిదిలో చేతులు మాత్రమే చెదిరాయి. పదకొండు, పన్నెండు, అంటే తలంబ్రాలు అయ్యాక తీసినవి, నిఖార్సుగా ఉన్నాయి. వేగం తప్పుగా పెట్టినవాడు, తప్పు తెలిసిన వెంటనే డయలు తిప్పి సరిచేస్తాడు. అప్పుడు ఒక ఫ్రేముకూ తరవాతి ఫ్రేముకూ మధ్య తేడా మెట్టులా తెగినట్టు ఉంటుంది. ఇక్కడ మెట్టు లేదు. వాలు ఉంది. ఇందాక నా ఫోనులో వచ్చిన అంకెలు ఏ వరసలో దిగాయో, ఆ ఫ్రేములు అదే వరసలో బాగుపడ్డాయి. ఆ రోజు గంగరాజు గారు నాకు చూపించింది ఒక చెడ్డ ప్రింటు, ఒక మంచి ప్రింటు. రెండే చూస్తే ఎవరికైనా మెట్టే కనిపిస్తుంది.

“నీ చెయ్యి కాదు” అని అప్పుడు చెప్పాను.

అతను నెగటివులు నా చేతిలోంచి తీసుకుని వెలుగుకు పెట్టి చూశాడు. తరవాత, “రెండో ముక్క చూడండి, ఫ్రేమింగు బాగుంది కదండీ?” అన్నాడు. నిజంగానే బాగుంది.

కారణం తెలుసుకోవాలని అతను వెళ్లాక కెమెరా విప్పాను. లెన్సు చుట్టూ ఉన్న రింగు వదులుచేసి, ముందు గాజు తీసి, వేగాల పలక ఎత్తితే రేకులు కనిపిస్తాయి. తడిగా మెరుస్తున్నాయి. ముందు పొడి దూదిపుల్లలతో తడి తీసి, తరవాత ఇంకో పుల్లకు తెల్ల పెట్రోలు అద్ది తుడిచాను, ఆరనిచ్చి మళ్లీ తుడిచాను. నలభై ఏళ్ల అలవాటు. తడి కనబడితే చెయ్యి ఊరుకోదు. పొడి దూదితో తీసిన మొదటి పుల్లలు రెండు పళ్లెంలో పడి ఉన్నాయి. మర్నాడు పొద్దున్న చూస్తే ఆ దూది మీద తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. కాఫీ తెచ్చిన మా ఆవిడ ఒక పుల్ల తీసి వాసన చూసింది.

“ఇది కొబ్బరినూనె కాదుటండీ? ముక్కిపోయింది గానీ కొబ్బరినూనే.”

“కెమెరాలో కొబ్బరినూనె ఎందుకుంటుంది?”

“నన్నడుగుతారేంటి? పొద్దున్న లేస్తే సీసా ఎండలో పెట్టుకుని కూచునేది నేను. గడ్డకట్టిందంటే అదే.”

కోనసీమలో ఈ విషయం తెలియని ఇల్లు లేదు. చలికాలం తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుంటుంది, ఎండ పొడ తగిలితే తొమ్మిది గంటలకల్లా నీరైపోతుంది. తలుపు బందుకు, తాళం కప్పకు, సైకిలు గొలుసుకు, ఏది కిర్రుమన్నా మా వైపు ముందు చెయ్యి వెళ్లేది ఆ సీసా మీదకే. వేరే నూనెలు ఇన్నేళ్లలో ఎండి జిగురైపోయేవి. ఇది త్వరగా ఎండే నూనె కాదు కాబట్టి ముప్ఫై ఏళ్లుగా రేకుల మధ్య ఎండ వేళ కరుగుతూ, చలి వేళ గడ్డకడుతూ ఉండిపోయింది. గడ్డకట్టినప్పుడు మీట నొక్కేకొద్దీ అది విరిగి, రేకులు వదులయ్యేవి. రేకుల కప్పు కింద పన్నెండున్నరకు నా చేతిలోకి వచ్చేసరికి అది నీరు. కెమెరా సరిగ్గానే పనిచేసింది. నా పరీక్షలోనూ తప్పు లేదు. వేళ తప్పు.

రెండో చీటీ రాశాను. ఉదయం ఆరూ పదికి ఎన్ని డిగ్రీలు, ఎన్ని బొమ్మలు, పదకొండింటికి ఎన్ని డిగ్రీలు, ఎన్ని బొమ్మలు, పన్నెండు ఫ్రేముల్లో వరసగా ఏమేమి కనిపించింది, అన్నీ రాసి, చివర్న “నేను ఇదివరకు ఇచ్చిన చీటీ తప్పు” అని సంతకం పెట్టాను. సత్తిబాబుకు ఇస్తే, “మీరూ రండి. నేనొక్కణ్నే వెళ్తే కాయితం నేనే రాసుకున్నానంటాడు మా బావ” అన్నాడు. ఇద్దరం బస్సులో తాటిపాక మీదుగా రాజోలు వెళ్లాం.

గంగరాజు గారికి డెబ్బై అయిదు దాటింది. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. భూతద్దం పెట్టుకుని చీటీ రెండుసార్లు చదివారు.

“అంటే ఇన్నేళ్లూ నేను పటం కట్టించి పెట్టింది తప్పు కాయితమాండీ?”

“ఆయ్. తప్పు కాయితమేనండి” అన్నాను.

“సరేనండి. కెమెరా మొరాయించింది, ఒప్పుకున్నాం. ఆపరేటరన్నవాడికి చెవులుండాలా వద్దా? చిటిక్కుమనాల్సిన షట్టరు అరసెకను తెరుచుకుంటే ఆ చప్పుడు వేరేగా ఉండదూ? నేనైతే మొదటి ఫ్రేముకే పట్టేసేవాణ్ని.”

న్యాయమైన ప్రశ్న.  సత్తిబాబే జవాబిచ్చాడు.

“గట్టిమేళం మోగుతుంటే ఏం వినబడుద్ది బావా? నా భుజం పక్కనే డోలు. జీలకర్ర బెల్లం కాణ్నించి తలంబ్రాల దాకా ఆపలేదు వాళ్లు. నా మాట నాకే వినబళ్లేదు, షట్టరు చప్పుడెక్కడ వింటాను? నువ్వెన్ని పెళ్లిళ్లు తీసేవు, ముహూర్తం టైములో ఒక్కసారన్నా విన్నావా?”

గంగరాజు గారు ఎన్నో పెళ్లిళ్లు తీసిన మనిషి. ముహూర్త ఘడియలో వాద్యాలు ఎందుకు అంత గట్టిగా వాయిస్తారో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకే చప్పుడూ వినపడకూడదనే కదా. “లేదులే” అన్నారు. “వినబడదు.”

నా వైపు తిరిగారు. “మరి ఆ నూనె ఎవరు పోసినట్టండీ?”

గుమ్మంలో నిలబడ్డ అన్నపూర్ణమ్మ గారు ముందుకొచ్చారు. “కేసుకి రాసేది నేనేనండి. వానలు పట్టేముందు ఏటా తోలుకి కొబ్బరినూనె రాసేదాన్ని, బూజు పట్టకుండా. కాస్త ఎక్కువే రాసేదాన్నేమో.”

“నువ్వూరుకో. తోలుకి రాస్తే లెన్సు లోపలికెలా వెళ్తుంది?” గంగరాజు గారు విసుక్కున్నారు. తరవాత గొంతు తగ్గింది. “ఆ ఏడు షట్టరు లివరు బిగిసిందని నేను ఒక చుక్క వేసేను. మిషను నూనె. కొబ్బరినూనె కాదు.”

“మనింట్లో మిషనెక్కడిదండీ?” అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

“పక్కింటివాళ్లది!”

“పక్కింట్లో అప్పుడు టైలరెవరూ లేరు. కిళ్లీకొట్టాయన ఉండేవాడు.”

ఇద్దరూ నా వంక చూశారు. సత్తిబాబు మాత్రం చూడలేదు. “ఎవరిదైతే ఏంటక్కా ఇప్పుడు” అన్నాడు. “నా చెయ్యి కాదు. అది చెప్పమను బావని.”

గంగరాజు గారు చీటీని మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. “నీ చెయ్యి కాదు” అన్నారు, పెట్టె మూత మూస్తూ. తరవాత లోపలికి కేకేసి, మనవరాళ్లను ముగ్గుర్నీ హాల్లోకి పిలిచి, అదే మాట వాళ్ల ముందు ఇంకోసారి చెప్పారు. పిల్లలకు ఎందుకు పిలిచారో అర్థమైనట్టు లేదు. తాతగారు పిలిచారు కదా అని తలలూపి వెళ్లిపోయారు.

యంత్రాన్ని పరీక్షించమన్నప్పుడు యంత్రం గురించే రాయాలి. అది వాడిన మనిషి గురించి రాయడం మన పని కాదు. లోపం ఏ వేళ కనిపించిందో ఆ వేళకే పరీక్షించాలి, పరీక్షించిన వేళ కాగితం మీద రాయాలి. ఇప్పుడు నా దగ్గరకు కెమెరా తెచ్చేవాళ్లను ముందుగా అడిగేది, ఎన్ని గంటలకు చెడిపోయిందని. ఫొటోలు చూపిస్తే, మొత్తం రోలు చూపించమంటాను. ఈ మూడూ నా వృత్తిలో మొదటి ఏడాదే తెలిసి ఉండాల్సినవి. రిటైరయ్యాక, ఏరేటర్ల మెకానిక్ చెబితే తెలిశాయి.

ఒక్కటి మాత్రం తేలలేదు. పైనుంచి చుక్క వేస్తే, మీట కదిలే గాడి కింద నూనె మడుగు కట్టి ఉండాలి. తోలు కేసులోంచి పాకితే, లెన్సు అంచు చుట్టూ వలయంగా ఉండాలి. విప్పిన రోజు ఆ రెండింట్లో ఏదో ఒకటి నా కళ్ల ముందే ఉండి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు పత్రికకు ఫొటోలు తీసినవాణ్ని, ఆ ఒక్క ఫొటో తియ్యకుండా పెట్రోలు దూదితో తుడిచేశాను. రాజోలులో ఆ ఇంట్లో అన్నపూర్ణమ్మ గారు ఆ నూనె తన చేతిదేనంటున్నారు. గంగరాజు గారు ఇప్పటికీ మిషను నూనె అనే అంటున్నారు.